బాడీ కట్టించిన పికప్ టైర్లలో ఎంత గాలి ఉండాలి

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల, రేణిగుంట రోడ్డు వెంబడి, కరకంబాడి వైపు ఫ్యాక్టరీ గేట్ల ముందు, పికప్ బండ్ల మీద కట్టిన టిఫిన్ సెంటర్లు ఇప్పుడు ఎటు చూసినా కనిపిస్తాయి. సరుకు మోయడానికి తయారైన బండి తొట్టి మీద ఇనుప చట్రం నిలబెట్టి, రేకులు బిగించి, లోపల పొయ్యిలు, దోసెల పెనం, గ్రైండరు, నీళ్ల ట్యాంకు, గ్యాసు బండలు అమర్చుకుంటే అదొక కదిలే వంటగది అవుతుంది. అమెరికాలో ఇలాగే పికప్ తొట్టిలో పడక, పొయ్యి, నీళ్ల తొట్టె ఉన్న క్యాంపర్ గదిని ఎక్కించుకుని కుటుంబాలు దూర ప్రయాణాలు చేస్తాయి. వాడకం వేరైనా, ఈ రెండు రకాల బండ్లలోనూ టైర్ల మీద పడే శ్రమ ఒకే తీరుగా ఉంటుంది. మామిడికాయలు మోసే బండి ఫ్యాక్టరీలో సరుకు దించేశాక తేలికపడుతుంది. గది కట్టిన బండికి ఆ వెసులుబాటు లేదు. రోడ్డు మీద నడిచినా, రాత్రంతా ఇంటి ముందు నిలబడినా దాని బరువు టైర్ల మీదే ఉంటుంది. పైగా ఆ బరువులో పెద్ద భాగం వెనుక ఇరుసు మీద, అదీ నేలకు చాలా ఎత్తున ఉంటుంది. అందువల్ల టైర్లలో గాలి ఎంత ఉండాలనే ప్రశ్నకు, మామూలు సరుకు బండికి చెప్పే జవాబు ఇక్కడ చాలదు.

మా వీధిలో అలాంటి టిఫిన్ బండి నడిపే అన్న ఒకాయన ఉన్నారు. రెండేళ్ల కిందట ఒక వేసవి మధ్యాహ్నం ఆయనతో పాటు పంచర్ షాపుకు వెళ్లాను. గాలి పట్టే కుర్రాడు వెనుక టైరు మీద చెయ్యి పెట్టి చూసి, "ఎండలు మండిపోతా ఉండాయి సామీ, కొంచెం గాలి తగ్గిస్తా, లేకుంటే టైరు పేలిపోతుంది" అన్నాడు. అన్న తల ఊపారు. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఒక అంకె ఉంది, టైరు పక్కగోడ మీద ఇంకో అంకె ఉంది, కుర్రాడి గేజీలో మూడో అంకె కనిపిస్తోంది. ఈ మూడింటిలో ఏది సరైనదని ఆ రోజు నన్ను అడిగి ఉంటే నేనూ చెప్పలేకపోయేవాణ్ణి. తరువాత కొంత శ్రద్ధ పెట్టి తెలుసుకున్నదేమిటంటే, ఆ అంకెల్లో ఒక్కొక్కటీ ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. మన బండికి కావలసిన ప్రశ్నకు జవాబు మాత్రం బండిని కాటా వేయిస్తే తప్ప దొరకదు.

ముందుగా టైరు బరువును ఎలా మోస్తుందో చూడాలి. బరువును మోసేది రబ్బరు అని మనం అనుకుంటాం గాని, నిజానికి దాదాపు అంతా మోసేది లోపల బంధించిన గాలి. టైరు గోడ, దానిలోని దారాల పొరలు, నడక పట్టీ (నేలను తాకే గాడుల భాగం) కింద ఉండే ఉక్కు తీగలు, ఇవన్నీ ఆ గాలిని పట్టి ఉంచే సంచి వంటివి. ఒక పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 70 గ్రాముల ఒత్తిడి. టైరులో 65 పీఎస్‌ఐ ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు నాలుగున్నర కిలోలు అన్నమాట. ఆ టైరు మీద 800 కిలోల బరువు పడితే, అది నేలను తాకే చోటు ఉజ్జాయింపుగా 175 చదరపు సెంటీమీటర్లు, అంటే వేళ్లు చాపి పరిచిన ఒక అరచేయంత. అదే టైరులో గాలి 45 పీఎస్‌ఐకి పడిపోతే బరువును నిలబెట్టడానికి 250 చదరపు సెంటీమీటర్లకు పైగా చోటు కావాలి. ఆ అదనపు చోటు కోసం టైరు నేలకు మరింత అణుగుతుంది, పక్కగోడలు ఉబ్బి బయటికి వంగుతాయి.

ఆ వంగడమే అసలు ప్రమాదానికి మూలం. చిన్న పికప్‌లకు వాడే 185 ఆర్14 సైజు టైరు ఒక కిలోమీటరు దూరానికి సుమారు 490 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ పక్కగోడలోని ప్రతి భాగం నేల దగ్గరికి వచ్చినప్పుడు వంగి, పైకి వెళ్లినప్పుడు నిటారవుతుంది. తిరుపతి నుంచి చిత్తూరుకు 70 కిలోమీటర్లనుకుంటే, ఒక్క ప్రయాణంలో 34 వేల సార్లకు పైగా ఆ గోడ వంగి లేస్తుంది. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ పదేపదే వంచితే వంచిన చోట వేడెక్కడం మనందరికీ తెలిసినదే. రబ్బరు, దారాల పొరలు కూడా అలాగే వేడెక్కుతాయి. గాలి తక్కువైన కొద్దీ వంపు ఎక్కువ, వంపు ఎక్కువైన కొద్దీ వేడి ఎక్కువ. ఆ వేడికి పొరల మధ్య అతుకు సడలి, చివరికి నడక పట్టీ ఊడి రావడమో గోడ చీలిపోవడమో జరుగుతుంది. హైవే పక్కన పాము కుబుసంలా పడి ఉండే టైరు పట్టీల్లో చాలా వాటి వెనుక ఉన్న కథ ఇదే. చూసేవాళ్లు "ఎండకు పేలింది" అంటారు. ఎండ దానికి తోడైన మాట నిజమే; కాని ఆ వేడిలో ఎక్కువ పాలు గాలి చాలక లోపల పుట్టినది.

ఇక టైరు గోడ మీద రాసి ఉండే సంగతి. మన తిరుపతి జిల్లాలోనే వరదయ్యపాలెం మండలం చినపాండూరులో 2020 నుంచి అపోలో టైర్ల కర్మాగారం నడుస్తోంది. అయినా టైరు మీది రాతను చదవడం మనలో ఎవరూ ఎవరికీ నేర్పరు. అన్న బండి టైరు మీద 185 ఆర్14, 8 పీఆర్, 102/100 అని ఉంది. 185 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, ఆర్ అంటే రేడియల్, 14 అనేది అంగుళాల్లో డిస్కు వ్యాసం. 8 పీఆర్ అనేది టైరు గట్టిదనాన్ని తెలిపే శ్రేణి. లోపల నిజంగా ఎనిమిది పొరలున్నాయని కాదు, పాతకాలపు ఎనిమిది నూలు పొరల టైరుకు సమానమైన బలం ఉందని అర్థం. 102/100 అనే జంట అంకెలు అన్నింటికంటే ముఖ్యమైనవి. ఇవి కిలోలు కావు, బరువు సూచికలు. 102 అంటే 850 కిలోలు, 100 అంటే 800 కిలోలు. ఇరుసుకు ఒక్కో వైపు ఒకే టైరు ఉంటే మొదటిది, రెండేసి టైర్లు జంటగా ఉంటే ఒక్కో టైరుకు రెండవది వర్తిస్తుంది. ఈ తరగతి టైరు 850 కిలోలు మోయాలంటే లోపల 450 కిలోపాస్కల్, అంటే 65 పీఎస్‌ఐ గాలి ఉండాలి.

ఈ చివరి వాక్యాన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. కొందరు 65 అనేది దాటకూడని హద్దు అని మాత్రమే తీసుకుని, "ఎందుకైనా మంచిది" అని 50 పెట్టుకుంటారు. కొందరు టైరు మీద రాసి ఉంది గనుక నాలుగు టైర్లకూ 65 పెట్టేస్తారు. రెండూ పొరపాటే. ఆ రాత చెప్పేది ఒక జంట సంబంధం: ఇంత గాలి ఉంటేనే అంత బరువు. గాలి తగ్గితే మోయగల బరువు కూడా తగ్గుతుంది. 50 పీఎస్‌ఐ ఉన్న టైరుకు 850 కిలోలు మోసే హక్కు లేదు.

తలుపు దగ్గర ఉన్న స్టిక్కరు వేరే సంగతి చెబుతుంది. బండి కంపెనీ తాను బిగించిన టైర్లకు, తాను అనుమతించిన గరిష్ఠ బరువుకు, ముందు వెనుకలకు ఎంతెంత గాలి ఉండాలో అందులో రాస్తుంది. కంపెనీ టైరు సైజు, తరగతి మారనంత వరకు, ఏ ఇరుసు మీదా పరిమితి దాటనంత వరకు, ఆ అంకెను నమ్మవచ్చు. కాటా దగ్గరలో లేనివాళ్లకు దానికన్నా మంచి ఆధారం లేదు. చిక్కు ఎక్కడంటే, బాడీ కట్టించిన బండిలో ఈ రెండు షరతులూ సులువుగా తప్పిపోతాయి. పాత టైర్లు అరిగాక తక్కువ ధరకు వచ్చిందని కారు తరగతి టైరు వేయించుకున్న బండ్లను నేను చూశాను. సైజు అంకెలు ఒకేలా కనిపించినా కారు టైరు, సరుకు బండి టైరు ఒకటి కావు. అమెరికా నిబంధనల్లో కారు తరగతి టైరును పికప్‌కు వాడితే దాని మోత శక్తిని 1.10తో భాగించి తగ్గించుకోవాలని ఉంది. ఎందుకంటే సరుకు బండి టైరుకు కుదుపులూ, ఎత్తైన బరువు ఊగిసలాటా ఎక్కువ. టైరు తరగతి మారితే స్టిక్కరు మీది అంకెకు ఉన్న విలువ పోతుంది.

అందువల్ల కాటా వేయించక తప్పదు. చిత్తూరు, తిరుపతి పరిసరాల్లో వేబ్రిడ్జికి కొదవ లేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, బియ్యం మిల్లులు, ఇసుక, కంకర లారీలు తిరిగే దారులు ఉన్నచోట కాటాలూ ఉంటాయి. అయితే మనవాళ్లు బండిని మొత్తంగా కాటా ఎక్కించి ఒక్క చీటీ తీసుకుని వచ్చేస్తారు. మొత్తం బరువు తెలిస్తే ఆర్‌సీలో రాసిన పరిమితి దాటామా లేదా అన్నది తెలుస్తుంది గాని, ఏ టైరు ఎంత మోస్తోందో తెలియదు. టైరుకు కావలసింది ఇరుసు వారీ బరువు. అందుకు బండిని మొత్తంగా ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ప్లేటు మీద ఉండేలా ఒకసారి, వెనుక చక్రాలు మాత్రమే ఉండేలా ఒకసారి తూయించాలి. చివరి రెండింటి కూడిక మొదటి దానికి దగ్గరగా రావాలి. పెద్ద తేడా వస్తే ప్లేటుకు, నేలకు మట్టం సరిపోలేదని గ్రహించి మళ్లీ తూయించాలి.

అన్న బండిని మేము అలాగే ఒక మధ్యాహ్నం, వ్యాపారం ముగిశాక, మరునాటి ఉదయానికి సిద్ధం చేసినట్టే అన్నీ నింపి తీసుకెళ్లాం. ఈ విషయంలో ఎవరూ తమను తాము మోసం చేసుకోకూడదు. ఖాళీ నీళ్ల ట్యాంకుతో, ఒక్క గ్యాసు బండతో, మనిషి ఒక్కడే కూర్చుని తూయిస్తే వచ్చే అంకె చూడడానికి బాగుంటుంది గాని దానితో ప్రయోజనం లేదు. 200 లీటర్ల నీళ్లు అంటే 200 కిలోలు. కమర్షియల్ బండలో గ్యాసు 19 కిలోలే అయినా ఇనుము బరువు దాదాపు అంతే ఉంటుంది. రెండు బండలు పెడితే 75 కిలోల దగ్గరికి వస్తుంది. ఇడ్లీ పిండి, దోసె పిండి డ్రమ్ములు, కొబ్బరికాయల బస్తా, గ్రైండరు రాళ్లు, వాకిట్లో వేసే బల్లలు, ముందు సీట్లో భార్యాభర్తలు ఇద్దరూ, ఇవన్నీ లెక్కలోకి వచ్చాయి.

మొదటి చీటీ మొత్తం 2,400 కిలోలు చూపింది. ఆర్‌సీలో ఉన్న పరిమితికి అది కేవలం 90 కిలోలు తక్కువ. ముందు ఇరుసు 910, వెనుక ఇరుసు 1,490. వెనుక ఇరుసు బరువును రెండుతో భాగిస్తే టైరుకు 745 వస్తుంది, 850 హద్దు కనుక ఇంకా వంద కిలోల వెసులుబాటు ఉందని సంతోషించాం. కాటా దగ్గర కూర్చునే పెద్దాయన అప్పుడు చీటీ వెనక్కి తీసుకుని, "బండి ఒక పక్కకి ఒరిగినట్టు ఉండాది కదయ్యా, ఆ కుడి చక్రం ఒక్కటీ పెట్టి చూడు" అన్నారు. ప్లేటు అంచున వెనుక కుడి చక్రం ఒక్కటే నిలిచేలా బండిని జరిపి చూస్తే 800 వచ్చింది. ఎడమ వైపు 690. నీళ్ల ట్యాంకు, గ్యాసు బండలు, గ్రైండరు మూడూ కుడి పక్కనే ఉన్నాయి, వడ్డించే కిటికీ ఎడమ పక్కన ఉంది కాబట్టి. బాడీ కట్టే వర్క్‌షాపులో ఈ సంగతి ఎవరూ ఆలోచించలేదు. కస్టమరుకు అడ్డం లేకుండా ఉంటే చాలనుకున్నారు.

ఒక ఇరుసు మీది రెండు టైర్లలో ఎక్కువ బరువు మోసే టైరును బట్టి రెండింటికీ ఒకే గాలి పెట్టాలి. కుడికి ఎక్కువ, ఎడమకు తక్కువ పెడితే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. కనుక లెక్కకు తీసుకోవలసిన బరువు 745 కాదు, 800. సులువైన లెక్క ఇది: టైరు మీద పడే బరువును టైరు గరిష్ఠ బరువుతో భాగించి, గరిష్ఠ గాలితో గుణించాలి. 800ను 850తో భాగించి 65తో గుణిస్తే సుమారు 61 వస్తుంది. ఇది కనీసం ఉండవలసిన గాలి. మలుపుల్లో, గుంతల్లో క్షణకాలం పడే అదనపు బరువుకు, గేజీ తేడాకు కొంత కలుపుకుంటే 65 దగ్గర ఆగుతాం. ముందు టైర్లకు ఒక్కోదానికి 455 కిలోలు కాబట్టి లెక్క 35 దగ్గర తేలుతుంది. కాని ఆ బండి స్టిక్కరులో ముందు టైర్లకు 45 అని ఉంది. లెక్క ఎంత తక్కువ చూపినా స్టిక్కరు కన్నా కిందికి దిగకూడదు. స్టీరింగు తీరు, బ్రేకు పట్టు, బ్రేకు వేసినప్పుడు ముందుకు దూకే బరువు, ఇవన్నీ చూసుకుని కంపెనీ ఆ అంకె పెట్టింది. కాబట్టి ముందు 45, వెనుక 65 ఉంచుకున్నాం.

పైన చెప్పిన భాగహారం ఖచ్చితమైన సూత్రం కాదు, అసలు సంబంధం సరళ రేఖ కాదు. టైరు కంపెనీలు ప్రతి సైజుకూ గాలి, బరువుల పట్టికలు ప్రచురిస్తాయి. దొరికితే వాటినే చూడాలి. ఉదాహరణకు అమెరికా క్యాంపర్ పికప్‌లకు ఎక్కువగా వాడే ఎల్‌టీ245/75ఆర్16 టైరు 80 పీఎస్‌ఐ దగ్గర 1,380 కిలోలు, 65 దగ్గర 1,190, 50 దగ్గర 1,000 కిలోలు మోస్తుంది. మన భాగహారం ప్రకారం 50 పీఎస్‌ఐకి 862 కిలోలే వస్తాయి. అంటే సులువు లెక్క టైరు శక్తిని కొంచెం తక్కువగా చూపించి, మనచేత కొంచెం ఎక్కువ గాలి పెట్టిస్తుంది. పట్టిక అందుబాటులో లేనివాళ్ల లెక్క కొంచెం తప్పినా, ఇలా ఎక్కువ గాలి వైపుకు తప్పడమే మంచిది.

ఇప్పుడు ఎండాకాలం గాలి తగ్గించాలనే మాటకు వద్దాం. రాయలసీమలో ఈ నమ్మకం ఎంత బలంగా ఉందో, అంత హాని చేస్తోందని నా అభిప్రాయం. టైరు మీద, స్టిక్కరు మీద రాసే అంకెలన్నీ చల్లని టైరుకు సంబంధించినవి. చల్లని టైరు అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా నిలబడి ఉండాలి, లేదా కిలోమీటరున్నరకు మించి నడవకుండా ఉండాలి. ఎండ నేరుగా పడుతున్న పక్క టైరు కూడా చల్లని టైరు కాదు. నడిచే కొద్దీ టైరు వేడెక్కి లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుందని తయారీదారుకు తెలుసు. ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే చల్లని అంకె ఇచ్చాడు.

ఒక ఉదయం 28 డిగ్రీల వద్ద 65 పీఎస్‌ఐ పెట్టిన టైరు, మధ్యాహ్నం నడిచి నడిచి లోపల 60 డిగ్రీలకు చేరిందనుకుందాం. ఒత్తిడి 73 దాటుతుంది. పంచర్ షాపు కుర్రాడి గేజీలో ఆ 73 కనిపిస్తుంది, టైరు మీద 65 అని ఉంది కదా అని అతడు వాల్వు పిన్ను నొక్కి 65కు దించుతాడు. బుస్సుమని గాలి పోతుంటే మనకు ప్రమాదం తప్పినట్టు అనిపిస్తుంది. మరునాడు తెల్లవారుజామున టైరు చల్లబడ్డాక చూస్తే అందులో ఉండేది 57. మన కుడి వెనుక చక్రానికి కనీసం 61 కావాలని ఇందాకే తేలింది. అంటే ఆ రోజు ఉదయం బండి బయలుదేరేటప్పటికే ఆ టైరు తన శక్తికి మించి మోస్తోంది. మరింత వంగుతుంది, మరింత వేడెక్కుతుంది, మధ్యాహ్నానికి గేజీ మళ్లీ ఎక్కువ చూపుతుంది, మళ్లీ గాలి తీస్తారు. టైరును కాపాడుతున్నామనుకుని రోజురోజుకూ దాన్ని చంపుతున్నట్టే. వేడి టైరులోంచి ఎప్పుడూ గాలి తీయకూడదు. వేడి మీద చూసినప్పుడు ఉండవలసిన చల్లని అంకె కన్నా తక్కువ కనిపిస్తే మాత్రం, అది ఖచ్చితంగా గాలి చాలని టైరు, వెంటనే నింపాలి.

టిఫిన్ బండ్లవాళ్లకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. వాళ్ల రోజు నాలుగు గంటలకే మొదలవుతుంది. పిండి డ్రమ్ములు ఎక్కించే ముందు గేజీ పెట్టి చూసుకుంటే అంతకన్నా చల్లని కొలత ఇంకెప్పుడూ దొరకదు. షాపులో గాలి పట్టించుకోవలసి వస్తే, ఇంటి దగ్గర చల్లగా ఉన్నప్పుడు ఎంత తక్కువైందో రాసుకుని, షాపులో అప్పటికి గేజీ చూపే దానిమీద అంతే కలిపించుకోవాలి. ఇంట్లో 61 ఉంటే నాలుగు తక్కువ. షాపుకు చేరేసరికి 64 చూపితే 68కి నింపించాలి.

చలికాలంలో దీనికి వ్యతిరేకమైన నష్టం కలుగుతుంది, అది ఎవరి కంటా పడదు. మే నెలలో 29 డిగ్రీల ఉదయం 65 పెట్టి వదిలేసిన టైరు, డిసెంబరులో 17 డిగ్రీల ఉదయానికి ఒక్క చుక్క గాలి కారకపోయినా 62 దగ్గరికి దిగుతుంది. రబ్బరు గుండా నెలనెలా సహజంగా కొంత గాలి పోతూనే ఉంటుంది, అది దీనికి తోడు. పదిహేను రోజులకొకసారైనా గేజీ పెట్టాలనడానికి కారణం ఇదే.

వేడి ప్రాంతం, బరువైన బండి, తక్కువ గాలి, ఈ మూడూ కలిస్తే ఏం జరుగుతుందో చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. వాటిలో చాలా భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లవి. నడక పట్టీ ఊడి, ఎత్తైన ఆ బండ్లు పల్టీ కొట్టి చాలామంది చనిపోయారు. టైర్ల నిర్మాణంలోని లోపాలతో పాటు, ఆ బండికి ఫోర్డ్ సూచించిన 26 పీఎస్‌ఐ సరిపోతుందా అన్నది కూడా పెద్ద వివాదమైంది. 30 ఉండాలని టైరు కంపెనీ వాదించింది. అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా వంటి వేడి రాష్ట్రాల్లోనే ప్రమాదాలు ఎక్కువగా జరిగాయి. అదే ఏడాది నవంబరులో అమెరికా కొత్త చట్టం చేసింది. దాని ఫలితంగానే కొత్త తేలికపాటి వాహనాలన్నింటిలో టైరు గాలి తగ్గితే హెచ్చరించే దీపం తప్పనిసరి అయింది. నాలుగు పీఎస్‌ఐ గురించి అంత వాదన జరిగిందని చదివినప్పుడు, మన పంచర్ షాపులో ఎనిమిది పీఎస్‌ఐ ఒక్క నిమిషంలో వదిలేయడం గుర్తుకొచ్చి నాకు భయం వేసింది.

ఎత్తైన బాడీ వల్ల వచ్చే ఇంకో ఇబ్బంది ఊగడం. మొగిలి ఘాట్‌లోనో భాకరాపేట ఘాట్‌లోనో మలుపు తిరిగేటప్పుడు బరువు బయటి వైపు చక్రాల మీదికి ఒరుగుతుంది; దిగేటప్పుడు బ్రేకు వేస్తే ముందు చక్రాల మీదికి వస్తుంది. గాలి తక్కువైన టైరు గోడ పక్కకు ఒరిగి, బండి నిటారయ్యే లోపే తరువాతి మలుపు వచ్చేస్తుంది. బండి ఊగుతోందని చాలామంది నేరుగా అదనపు కమాన్ పట్టీలు (ఇరుసు మీది స్ప్రింగు పట్టీలు) వేయించడానికి వెళతారు. ముందు గాలి సరిచూసుకోవాలి. చాలా బండ్లలో ఊగడం అక్కడే సగం తగ్గుతుంది. పట్టీ అదనంగా వేయించినా తప్పు లేదు గాని, దానివల్ల బండి వెనుక భాగం పైకి లేస్తుందే తప్ప టైరు మోయగల బరువు ఒక్క కిలో కూడా పెరగదు, ఇరుసు శక్తీ పెరగదు, ఆర్‌సీలోని పరిమితీ మారదు. ఆ పరిమితి దాటితే 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. బాడీ మార్పు కూడా చట్టంలోని 52వ సెక్షను పరిధిలోకి వస్తుంది కనుక దాన్ని ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి.

అన్న విషయంలో అసలు మందు పట్టీలు కాదు, సామాను సర్దుడు. గ్యాసు బండలు రెండింటినీ, బల్లలనూ ఎడమ పక్కకు మార్చాక కుడి చక్రం బరువు 760కి దిగింది. నీళ్ల ట్యాంకు నిండుగా కాకుండా, వ్యాపారం చేసే చోటికి వెళ్లాక నింపుకునే వీలుంటే ఇంకా మంచిది.

మరీ ఎక్కువ గాలి వల్ల కూడా నష్టమే. అవసరానికి మించి ఉబ్బిన టైరు నడుమ భాగం మాత్రమే నేలకు ఆని అరుగుతుంది, వానలో పట్టు తగ్గుతుంది, స్పీడు బ్రేకరు దెబ్బ నేరుగా చట్రానికి తగిలి బాడీ వెల్డింగులు వదులవుతాయి. దామలచెరువు మార్కెట్టు నుంచి తోతాపురి లోడుతో బయలుదేరి ఖాళీగా తిరిగి వచ్చే పికప్‌లకు ఇది రోజూ ఉండే ఇరకాటం. లోడుకు తగిన గాలితో ఖాళీగా వస్తే బండి ఎగిరెగిరి పడుతుంది. రోజుకు రెండు మూడు ట్రిప్పులు వేసేవాళ్లు ప్రతిసారీ గాలి తీసి పెట్టుకోలేరు. అలాంటివాళ్లు లోడు అంకెనే ఉంచుకుని, ఖాళీగా వచ్చేటప్పుడు వేగం తగ్గించుకోవడమే మేలు. బాడీ కట్టించిన బండికి ఈ బాధ లేదు. దాని బరువు మారదు కాబట్టి దాని అంకె కూడా మారదు. టైరు అరిగే తీరు ఆ అంకె సరైనదో కాదో కొన్ని నెలల్లో చెబుతుంది: రెండు అంచులూ ముందు అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ, ఒక్క అంచే అరిగితే అది గాలి దోషం కాదు, అలైన్‌మెంట్ చూపించుకోవాలి.

సొంత గేజీ ఒకటి కొనుక్కోవడం దీనంతటిలో అతి తక్కువ ఖర్చుతో జరిగే పని. షాపుల్లో గేజీలు రోజుకు వందసార్లు కింద పడతాయి. ఒకే టైరుకు రెండు షాపుల్లో ఐదారు పీఎస్‌ఐ తేడా రావడం నేనే చూశాను. కొనేటప్పుడు 100 వరకు చూపేది తీసుకోవాలి, కారు గేజీలు కొన్ని 60 దగ్గరే ఆగిపోతాయి. ట్యూబ్‌లెస్ డిస్కులకు వేసే మామూలు రబ్బరు వాల్వులు 65 పీఎస్‌ఐ వరకే పనికొస్తాయి. అంతకు మించి గాలి కావలసిన టైర్లకు లోహపు వాల్వులు వేయించాలి. నైట్రోజన్ సంగతి అందరూ అడుగుతారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. స్వచ్ఛమైన నైట్రోజన్‌లో తేమ ఉండదు, కొంచెం నెమ్మదిగా కారుతుంది, అంతవరకే. వేడికి ఒత్తిడి పెరగడం దానిలోనూ ఉంటుంది. దానికి పెట్టే డబ్బు గేజీకి పెట్టడం మంచిది.

టిఫిన్ బండ్లు రోజుకు పది పదిహేను కిలోమీటర్లకు మించి తిరగవు. అందువల్ల వాటి టైర్లు అరగక ముందే ముసలివైపోతాయి. ఎండలో, పూర్తి బరువుతో, ఒకే చోట గంటల తరబడి నిలబడే టైరు గోడల్లో సన్నని వెంట్రుక పగుళ్లు వస్తాయి. నడక పట్టీ గాడులు లోతుగానే ఉన్నాయి కదా అని యజమాని ధీమాగా ఉంటాడు. పక్కగోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ముసలి టైరుకు గాలి లెక్క ఎంత సరిగ్గా ఉన్నా భరోసా లేదు. పగుళ్లు కనిపించిన టైరును వెనుక ఇరుసు మీద ఉంచకూడదు.

అన్న బండి టైర్లన్నీ చూశాక, నేల మీద పడుకుని వెనుక చట్రం కింద వేలాడుతున్న స్టెప్నీకి గేజీ పెట్టాను. బండి కొన్నప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వాల్వు మూత మట్టితో బిగుసుకుపోయి పటకారు పెట్టి తిప్పవలసి వచ్చింది. గేజీలో 28 చూపింది. 1,490 కిలోల వెనుక ఇరుసు మీదికి ఆ టైరును బిగిస్తే చంద్రగిరి దాకా కూడా చేరదు. స్టెప్నీ ఎప్పుడు ఏ ఇరుసుకు అవసరమవుతుందో తెలియదు కనుక, ఆ బండిలో ఎక్కువ గాలి కావలసిన చక్రానికి ఎంత పెడతామో దానికీ అంతే పెట్టాలి. ముందు చక్రానికి వేయవలసి వస్తే అప్పుడు తగ్గించుకోవచ్చు. రోడ్డు పక్కన గాలి తీయడం తేలిక, నింపడమే కష్టం. ఆ రోజే దాన్ని 65కి నింపించి, కొత్త మూత బిగించి, డ్రైవరు తలుపు లోపలి వైపు "ముందు 45, వెనుక 65, స్టెప్నీ 65, పొద్దున్నే చూడాలి" అని పెయింటుతో రాయించాం.